బిల్లు చూసి బండి అమ్మేయకండి, ముందు కిందకి వంగి చూడండి

నా లారీకి 14 ఏళ్లు. మీటరు 6 లక్షల కిలోమీటర్లు దాటి చాలా రోజులైంది. పోయిన నెల గేర్‌బాక్స్ దించాం. రెండో గేరు సరిగ్గా పడటం మానేసి కొన్ని నెలలైంది, నేనే నెట్టుకొచ్చాను, అది నా తప్పే. బండి షెడ్డులో ఉన్న ఆ వారమంతా కనిపించిన ప్రతి ఒక్కరిదీ ఒకటే మాట: "ఇంకెంత పోస్తావు దానికి? అమ్మేసి కొత్తది తీసుకో."

ఈ సలహా ఇచ్చినవాళ్లలో ఒక్కరు కూడా బండి కిందకి వంగి చూడలేదు. బండి వయసు అడిగారు, బిల్లు ఎంతైందని అడిగారు, తీర్పు చెప్పేశారు. నాకు కోపం వచ్చింది అక్కడే. ఒక మనిషి పదేళ్లకు పైగా అన్నం తిన్న బండి గురించి ఇంత తేలిగ్గా ఎలా మాట్లాడతారు?

రిపేరు ఖర్చు బండి విలువలో సగం దాటితే వదిలించుకోవాలని ఒక లెక్క చాలామంది చెబుతారు. సొంతానికి వాడుకునే కారుకి అది ఎంతవరకు పనికొస్తుందో గానీ, పని చేసే బండికి మాత్రం ఆ లెక్క తప్పు అని నా గట్టి నమ్మకం. పాత లారీకి మార్కెట్లో పలికే ధర అంటే, దాని చరిత్ర తెలియని మనిషి భయపడుతూ ఇచ్చే ధర. ఆయిల్ ఎప్పుడు మార్చానో, హబ్బులు ఎప్పుడు గ్రీజు చేయించానో అతనికి తెలియదు, నాకు తెలుసు. ఆ ధరతో పోల్చి చూస్తే ఏ పెద్ద రిపేరైనా సగం దాటుతుంది. నేను పోల్చేది వేరే దానితో. ఈ రిపేరు తర్వాత బండి ఎన్ని నెలలు నమ్మకంగా నడుస్తుంది? బిల్లుని అన్ని నెలలతో భాగిస్తే నెలకి ఎంత పడుతుంది? కొత్త బండికి నెలనెలా కట్టే వాయిదా, పెరిగే ఇన్సూరెన్స్, మొదటి రెండు మూడేళ్లలో వేగంగా పడిపోయే దాని విలువ, ఇవన్నీ కలిపితే ఎంత? ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసుకుంటే చాలాసార్లు పాత బండే గెలుస్తుంది. ఎప్పుడూ గెలుస్తుందని మాత్రం అనను.

"ఇప్పటికే ఇంత పెట్టాం, ఇప్పుడెలా వదిలేస్తాం" అనేది దీనికి పూర్తిగా అవతలి కొసన ఉండే తప్పు. నేనూ ఒకప్పుడు అదే చేశాను. పోయిన ఏడాది పెట్టిన డబ్బు బండి ఉంచుకున్నా అమ్మేసినా తిరిగిరాదు. అయితే పోయిన ఏడాది వేసిన క్లచ్ ప్లేటు, టైర్లు ఇంకా బండిలోనే ఉన్నాయి కాబట్టి, ముందు ముందు పెట్టాల్సిన ఖర్చులో అంత తగ్గుతుంది. లెక్కలోకి తీసుకోవాల్సింది అంతవరకే.

ఇక అసలు విషయం ఛాసిస్, అంటే బండి బరువంతా మోసే ఇనుప చట్రం. ఇంజన్, గేర్‌బాక్స్, వెనక చక్రాల్ని తిప్పే క్రౌన్ పినియన్, స్టీరింగ్ బాక్స్, అన్నీ దించి ఎక్కించవచ్చు. ఛాసిస్ పోతే మాత్రం మిగతావాటికి పెట్టిన డబ్బంతా నీళ్లలో పోసినట్టే. అందుకే గేర్‌బాక్స్ మీద ఒక్క రూపాయి పెట్టకముందే టార్చ్‌లైటు, వైర్ బ్రష్, చిన్న సుత్తి పట్టుకుని కిందకి దూరాను. పైపైన ఎర్రగా కనిపించే తుప్పు బ్రష్ చేస్తే పోతుంది, దానికి భయపడక్కర్లేదు. పొరలు పొరలుగా ఊడివచ్చే తుప్పు వేరు. సుత్తితో కొడితే మంచి ఇనుము ఖంగుమంటుంది, తిన్న చోట డొప్పుమంటుంది. స్క్రూడ్రైవర్ గట్టిగా నొక్కితే దిగబడుతోందంటే ఇక మాటల్లేవు. రెండు రేకులు ఒకదానిమీద ఒకటి బిగించిన చోట తప్పకుండా చూడాలి. ఇనుము కంటే తుప్పు చాలా రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. అందుకే మధ్యలో నీళ్లు నిలిచిన చోట అది ఉబ్బి రెండు రేకుల్నీ విడదీస్తుంది. పైన రంగు బాగానే ఉంటుంది, లోపల ఏమీ ఉండదు.

పగుళ్లు ఎక్కువగా కమాన్ పట్టీల్ని ఛాసిస్‌కి పట్టి ఉంచే హ్యాంగర్ల దగ్గర, రెండు పక్కల ఉండే పొడవాటి రెయిళ్లకి క్రాస్ మెంబర్లు (అడ్డ దూలాలు) కలిసే చోట, పాత వెల్డింగ్ అతుకుల పక్కన మొదలవుతాయి. రంగులోంచి సన్నటి గీతలా తుప్పు కారుతుంటే అది పగులు కావచ్చు, అక్కడ బ్రష్ చేసి చూడాల్సిందే. "వెల్డింగ్ కొట్టేద్దాం అన్నా, ఏం కాదు" అని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోకండి. హీట్ ట్రీట్‌మెంట్ చేసిన (వేడితో గట్టిపరిచిన) ఛాసిస్ రెయిలుకి వెల్డింగ్ వేడి తగిలితే ఆ చుట్టుపక్కల బలం తగ్గుతుంది, పగులు కొన్నాళ్లకి దాని పక్కనే మళ్లీ తేలుతుంది. ఆ రెయిలు మీద వెల్డింగ్ చేయవచ్చో లేదో కంపెనీ మాన్యువల్ చూశాకే చేయించాలి.

ఇంజన్ విషయంలో జనం అనవసరంగా భయపడతారని నాకనిపిస్తుంది. పెద్ద డీజిల్ ఇంజన్లు చాలావరకు విప్పి మళ్లీ కట్టడానికే చేసినవి. లైనర్లు (సిలిండరు లోపలి గొట్టాలు), పిస్టన్లు, రింగులు మార్చవచ్చు, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) అరిగితే 0.25 మిల్లీమీటర్లు, ఆ తర్వాత 0.50 గ్రైండింగ్ చేసి దానికి తగ్గ బేరింగులు వేయవచ్చు. కాకపోతే విప్పే ముందు కంప్రెషన్, అంటే సిలిండరులో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో చూపించండి. ఒక్క సిలిండరులోనే తక్కువుంటే ఒక కథ, అన్నింట్లో తక్కువుంటే ఇంకో కథ. నీలం పొగ వస్తే ఆయిల్ మండుతోందని. తెల్ల పొగతో పాటు రేడియేటర్లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్‌ని అనుమానించాలి. నల్ల పొగ అంటే గాలి చాలకపోవడమో, డీజిల్ ఎక్కువ పడటమో. మా స్నేహితుడొకరు నల్ల పొగ చూసి, లాగుడు తగ్గిందని సిలిండర్లు అరిగి ఇంజన్ బోరుకొచ్చిందనుకున్నాడు. తీరా చూస్తే ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి వెళ్లే రబ్బరు హోస్ చిట్లింది. ఆ హోస్ మార్చాక బండి మామూలైపోయింది. ఒక రబ్బరు గొట్టం కోసం బండి అమ్మేసేవాడు!

కొత్త బండి తీసుకుంటే టెన్షన్ ఉండదన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. ఇప్పటి కామన్ రెయిల్ ఇంజన్లలో (అన్ని నాజిల్స్‌కీ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందేవి) డీజిల్ 1,600 బార్, అంతకంటే ఎక్కువ ఒత్తిడితో నడుస్తుంది. డీజిల్‌లో నీళ్లుంటే అది తట్టుకోదు. హై ప్రెషర్ పంపు లోపల చెడితే ఇనుప రజను సిస్టమ్ అంతా పాకి, నాజిల్స్ దాకా మార్చాల్సి వస్తుంది. పొగలోని మసిని పట్టే ఫిల్టర్ శుభ్రపడాలంటే సైలెన్సర్ బాగా వేడెక్కాలి, అంటే ఆగకుండా కొంత దూరం పోవాలి. రోజంతా దగ్గర దగ్గర ట్రిప్పులు కొట్టే బండికి ఆ ఫిల్టర్ మూసుకుపోతుంది. నా పని అలాంటిదే కాబట్టి నాకు ఇది చిన్న విషయం కాదు.

ఇంత చెప్పి కూడా, నేను బండి అమ్మేసే రోజు ఒకటుందని నాకు తెలుసు. నా దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. అందులో ఖర్చుతో పాటు బండి ఆగిన రోజులు కూడా రాస్తాను. నేను చెప్పి ఆపిన రోజులు ఒక వరసలో, దానంతట అదే ఆగిపోయిన రోజులు ఇంకో వరసలో. పోయిన ఏడాది రెండో వరసలో 4 రోజులున్నాయి. ఆ అంకె పెరుగుతూ పోతే, సరుకు ఇస్తానన్న చోట మాట పోతే, బిల్లు ఎంత చిన్నదైనా నేను ఉంచుకోను. స్పేర్ పార్టులు దొరక్క వారాల తరబడి నిలబడాల్సి వచ్చినా అంతే. బ్రేకులు, స్టీరింగ్ విషయంలో అయితే బేరమే లేదు. మా డ్రైవర్ ఇంటికి క్షేమంగా చేరతాడని గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేని రోజున ఆ తాళం అతని చేతికివ్వను.

ప్రస్తుతానికి గేర్‌బాక్స్ కట్టించాను. గేరు సాఫీగా పడేలా చేసే సింక్రో రింగులు, బేరింగులు, సీళ్లు మార్చాం, రెండో గేరు ఇప్పుడు రెండు వేళ్లతో పడుతోంది. కొత్త బండి తీసుకుని ఉంటే కట్టాల్సిన వాయిదాలో సగం నెలనెలా పక్కన పెడుతున్నాను. ఎడమ వైపు వెనక హ్యాంగర్ దగ్గర కొంచెం తుప్పు కనిపించింది, గీకి చూస్తే పగులు లేదు. అయినా ఆ ఒక్క చోట ప్రైమర్ మీద తెల్ల రంగు వేయించాను, సన్నటి గీత పడ్డా కంటికి కనబడాలని. ఇక నుంచి ప్రతి సర్వీసుకీ ముందు అక్కడే చూస్తాను.