పుల్లంత ఇల్లు చాలు

ఎండిన కొమ్మలో ఏదో పురుగు తొలిచి వదిలేసిన సన్నటి సొరంగం. లోపల అగ్గిపుల్ల పట్టేంత చోటు. అందులో ఒక రాణి, చిటికెడు గుడ్లు, నలభై యాభై కూలిచీమలు. ఉష్ణమండల అడవుల్లో చెట్లమీదే పుట్టి చెట్లమీదే పోయే ఎన్నో చీమజాతుల సంసారం ఇంతే. అలాంటి కాలనీని ఇంట్లో పెంచాలని మోజుపడేవారు మాత్రం ముందుగా తెచ్చేది పెద్ద గాజుపెట్టె. ఆరు గదులు, పొడవాటి గొట్టాలు, మధ్యలో బొమ్మ అడవి. తొలి తప్పు అక్కడే జరుగుతుందని నా అభిప్రాయం.

చీమకు ఖాళీ చోటంటే కాపలా కాయాల్సిన బరువు. పది కూలిచీమలకు పెద్ద గూడు ఇస్తే గుడ్లు ఒక మూల, చెత్త ఇంకో మూల చేరతాయి. తినగా మిగిలిన పురుగుల డొల్లలకు బూజు పడుతుంది. మొదట్లో ఒక పరీక్షనాళిక చాలు. అడుగున నీళ్లు, వాటికి అడ్డంగా దూది, ఇవతల రాణి, మూతిదగ్గర మరో దూది ఉండ. పైన గుడ్డ చుట్టి చీకట్లో వదిలేయాలి. కొన్ని జాతుల రాణులు ఇక అవసరం లేని రెక్కల కండరాలను కరిగించుకుని, ఆ శక్తితోనే తొలి పిల్లలను సాకుతాయి. మరికొన్ని మేతకు బయటికి రావాల్సిందే, వాటిని మూసిపెడితే ఆకలితో చస్తాయి. అందుకే జాతేదో తెలియకుండా మొదలుపెట్టకూడదు. 25–28 డిగ్రీల వెచ్చదనంలోనూ తొలి కూలిచీమ బయటపడేసరికి సాధారణంగా నెల దాటుతుంది. ఈలోగా గంటగంటకూ టార్చి వేసి చూస్తే రాణి బెదిరి తన గుడ్లను తానే తినేయవచ్చు.

తేమ విషయంలోనూ అతి చేస్తుంటాం. 19వ శతాబ్దం చివర్లో ఫ్రాన్స్‌కు చెందిన కీటక పరిశోధకుడు చార్లెస్ జానే తేమను పీల్చుకునే ప్లాస్టర్ గూళ్లు తయారుచేసి చీమల అధ్యయనానికి కొత్త దారి వేశాడు. మట్టిలో కాపురముండే చీమలకు అవి చక్కగా సరిపోతాయి. ఎండుపుల్లలో ఉండేవాటి సంగతి వేరు. వాటి గూడు పొడిగా ఉండాలి, తాగడానికి నీళ్లు బయట దొరకాలి. వానలు కురిసే అడవి నుంచి వచ్చాయి కదా అని గూడంతా తడిపితే లోపల బూజుకే పండగ.

ఈ ఇరుకు జీవితం ఎంత లోతైనదో చెప్పడానికి సెఫలోటెస్ జాతులను మించిన ఉదాహరణ లేదు. అమెరికా ఖండాల వెచ్చని ప్రాంతాల్లో ఉండే ఈ తాబేలు చీమల్లో కొన్నిటి సైనికుల తల పళ్లెంలా చదునుగా ఉంటుంది. తొర్ర వాకిట్లో నిలబడితే ఆ తలే తలుపు. తమ తలకు సరిపోయే రంధ్రమున్న తొర్రలనే ఎంచుకుంటాయని జీవశాస్త్రవేత్త స్కాట్ పావెల్ పరిశోధనల్లో తేలింది. పైగా ఒకే కాలనీ పలు తొర్రల్లో విడివిడిగా కాపురం పెడుతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే గాజుపెట్టె ఆలోచన మారిపోవాలి. ఒక పెద్ద భవనం బదులు సన్న రంధ్రాలు చేసిన మూడు నాలుగు మెత్తటి చెక్కముక్కలు ఇస్తే చాలు. ఏది ఎప్పుడు ఆక్రమించాలో అవే తేల్చుకుంటాయి.

ఆకులు కలిపి కుట్టే చీమలనూ కొందరు కోరుకుంటారు. అవి చెట్టుచీమలే కానీ చిన్న కాలనీకి పనికిరావు. పెరిగితే లక్షల్లో ఉంటాయి, ఎన్నో చెట్లను ఏలుతాయి, కరిచి యాసిడ్ చిమ్ముతాయి. గదిలో వాటికి న్యాయం చేయలేం.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది రాణుల వ్యాపారం. 2025లో కెన్యాలో 5,000కు పైగా రాణిచీమలతో కొందరు పట్టుబడ్డారు. ఎక్కువ భాగం దూది పెట్టిన పరీక్షనాళికల్లోనే ఉన్నాయి. ఇద్దరు బెల్జియం కుర్రాళ్లు సహా నలుగురికి తలా పది లక్షల కెన్యా షిల్లింగుల జరిమానా, కట్టకపోతే ఏడాది జైలు. అవి నేలచీమలే, కానీ చెట్టుచీమలకూ ఇదే గతి పట్టవచ్చు. ఒక్కో రాణిని ఎత్తుకుపోతే అక్కడ పుట్టాల్సిన ఒక్కో కాలనీ పోయినట్టే. అది చేరిన చోట తప్పించుకుంటే స్థానిక జాతులకు ముప్పు. గాజుమీద కూడా అవలీలగా పాకే రెండు మూడు మిల్లీమీటర్ల ప్రాణి తప్పించుకోవడానికి మూతలో వెంట్రుకవాసి సందు చాలు. కాబట్టి ఎంత అందమైనదైనా పరాయి ఖండపు జాతి వద్దు. స్థానిక చట్టం ఒప్పుకుంటే, మనమున్నచోటే రెక్కలతో ఎగిరొచ్చిన రాణిని పట్టుకుని పెంచాలి.

నిరాడంబరమైన జాతి దొరికిందని చిన్నబుచ్చుకోవద్దు. ఏభై చీమల కాలనీలో ఒక్కోదాన్నీ విడిగా గమనించవచ్చు, ఐదు వేలలో అది కుదరదు. లేతరంగు పొట్ట ఉన్న జాతైతే పంచదార నీళ్లలో చుక్క తినే రంగు కలిపి పెట్టండి. మొదట తాగిన చీమ పొట్ట నీలంగా మారుతుంది. అది గూటికెళ్లి మరోదాని నోటికి నోరు ఆనించి తాగినదాన్ని పంచుతుంది, అది ఇంకోదానికి. కొన్ని గంటల్లో పుల్ల దాటి ఎన్నడూ బయటికి రాని చీమల పొట్టల్లోనూ నీలం కనిపిస్తుంది.