లంకె లోంచి లింకు పుట్టలేదు

"ఏటి మేష్టారూ, లింకు మన మాటేనంట కదా!" పొద్దున్నే పాల ప్యాకెట్ చేతిలో పెడుతూ కొట్టు కుర్రాడు అడిగాడు. అంటే ఆ మెసేజ్ నాకంటే ముందే నరసన్నపేట అంతా తిరిగేసిందన్నమాట. నాకు రాత్రి మా బావమరిది పంపాడు. ఈ వారంలో ఇంకో నాలుగు గ్రూపుల్లో చూశాను.

చూడనివాళ్ల కోసం అందులో ఉన్నది చెబుతాను. శ్రీకాకుళాన్ని చికాకోల్ అనే రోజుల్లో దొరలు ఇక్కడెక్కడో లంకె బిందెలు తవ్వించారట. గొలుసుతో కలిపి ఉన్న ఆ బిందెల్ని చూసి జనం "లంకె, లంకె" అంటుంటే విని, లింక్ అనే మాట తయారు చేసుకున్నారట. గోల్ఫ్ లింక్స్‌తో సహా ఇంగ్లీషులో ఉన్న లింకులన్నీ దాని పిల్లలేనట. అలా దొరలు పట్టుకుపోయిన మన మాట ఇన్నాళ్లకి సెల్‌ఫోన్‌లో తిరిగి మన ఊళ్లకి వచ్చిందట. చివర్లో ఓ గ్రామర్ పాఠం కూడా ఉంది: లింక్, కనెక్షన్, రిలేషన్ మూడూ ఒకటే, ఏది ఎక్కడ వాడినా తప్పులేదు. అడుగున గిడుగు రామమూర్తి గారి ఫొటో.

ఆ ఫొటో లేకపోతే ఊరుకునేవాణ్ణేమో. సవర గిరిజనుల నోట విని సవర భాష నేర్చుకుని, దానికి నిఘంటువు కట్టిన మనిషి బొమ్మని ఇలాంటి కథ కింద అతికించడం చూశాక, ముప్ఫయ్యేళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పినవాడికి నిద్ర పట్టలేదు.

ముందు తారీఖులు చూద్దాం. గొలుసులో ఒక రింగు అనే అర్థంతో లింక్ పదిహేనో శతాబ్దపు ఇంగ్లీషు రాతల్లోనే ఉంది. ఈస్టిండియా కంపెనీ పుట్టిందే 1600లో. విశాఖపట్నంలో వాళ్లు ఫ్యాక్టరీ, అంటే వర్తకపు కొఠీ, పెట్టింది 1682లో. మన శ్రీకాకుళం కూడా ఉన్న ఉత్తర సర్కారులు వాళ్లకి దఖలు పడింది 1765లో. దొర మన గడ్డ మీద కాలు పెట్టేసరికే ఆ మాట వాళ్ల తాతముత్తాతల నోట నలిగిపోయి ఉంది.

అది ఇంగ్లీషులోకి వచ్చింది స్కాండినేవియా భాషల నుంచి. ఆ భాషలకి తల్లయిన పాత నార్స్‌లో దాని చుట్టం హ్లెక్కర్. జర్మన్‌లో గెలెంక్ అంటే ఒంట్లో కీలు. డేనిష్‌లో గొలుసుని లెంకె అంటారు. ఇది చెప్పగానే మా బావమరిది ఎగిరి గంతేశాడు. "అయితే డెన్మార్క్ వాళ్లు కూడా మనోళ్లే బావా!"

కాదు నాయనా. రెండు మాటలు నిజంగా చుట్టాలైతే, కాలంలో వెనక్కి వెళ్లేకొద్దీ దగ్గరవ్వాలి. ఇక్కడ జరిగేది దానికి తలకిందులు. లింక్‌ని వెనక్కి తీసుకెళ్తే ముందు ఓ హకారం తేలుతుంది. ఇంకా వెనక్కి వెళ్తే ఆ హకారం ఒకప్పుడు కకారమని భాషావేత్తలు లెక్క కడతారు. మన లంకెకి ముందు హ లేదు, క లేదు. ఇవాళ ఒకలా వినబడుతున్నాయంటే, ఒకటి అరిగి అరిగి రెండోదాని పోలికలోకి వచ్చిందంతే. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన దాయాదులైపోరు కదా, ముందు గోత్రం అడగాలి.

అలాగని మన మాటలేవీ ఇంగ్లీషుకి వెళ్లలేదనడం లేదు. మన పందికొక్కు అక్కడ బాండికూట్ అయింది. అది ఇక్కడి జంతువు పేరు. ఇంగ్లీషువాళ్లు ఇండియా వచ్చాకే, ఇండియా గురించి రాసినప్పుడే ఆ మాట వాళ్ల రాతల్లోకి ఎక్కింది. రుజువంటే అలా ఉంటుంది. మనం వాళ్లకిచ్చింది పందికొక్కా అని చిన్నబోయేవాళ్లుంటే నేనేం చేయలేను.

గోల్ఫ్ లింక్స్ సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. అది వేరే మాట. పాత ఇంగ్లీషులో హ్లింక్ అంటే మిట్ట. స్కాట్లండ్‌లో సముద్రం ఒడ్డున గడ్డి మొలిచిన ఇసుక దిబ్బల్ని లింక్స్ అన్నారు, గోల్ఫ్ ఆడింది ఆ దిబ్బల మీదే. తారులో ముంచిన దివిటీకి కూడా ఒకప్పుడు లింక్ అనే పేరుండేది. వీధి దీపాలు సరిగా లేని లండన్‌లో డబ్బులకి దివిటీ పట్టుకుని దారి చూపే కుర్రాళ్లు లింక్‌బాయ్‌లు. నిఘంటువులు దీన్ని కూడా విడిగానే పెడతాయి.

ఇక లింకు మన ఊళ్లకి సెల్‌ఫోన్‌తో వచ్చిందన్న ముక్క. నాకు ఒళ్లు మండింది ఇక్కడే. మా నాన్న సర్వే శాఖలో చైన్‌మ్యాన్. ఆయన పట్టుకున్న గొలుసు పేరు గంటర్ చైను, 1620లో ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లీషు లెక్కల మాస్టారు చేసింది. పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. లింకంటే గుండ్రటి రింగు అనుకునేరు, రెండు చివర్లా వంచిన పొడుగాటి ఇనప కమ్మీ. ఒక్కోటి 7.92 అంగుళాలు, జానెడు కంటే అంగుళం పైచిలుకు తక్కువ. పది లింకులకో ఇత్తడి బిళ్ల వేలాడుతుంది, దానికి పళ్లుంటాయి. ఒక పన్నయితే పది, రెండయితే ఇరవై. సరిగ్గా మధ్యలో, యాభై దగ్గర, గుండ్రటి బిళ్ల. మడిలో మోకాలి లోతు బురదున్నా నాన్న కిందికి చూడకుండా బొటనవేలితో ఆ పళ్లు తడిమి లెక్క చెప్పేవాడు.

ఎకరానికి లక్ష చదరపు లింకులు, సెంటుకి వెయ్యి. యాభై లింకుల పొడవు, నలభై లింకుల వెడల్పు ఉన్న స్థలమంటే రెండు సెంట్లు. బడికి వెళ్లని రైతు కూడా గట్టు మీద నిలబడి ఈ లెక్క వేసేవాడు. పాత సర్వే పటాల్లో కొలతలు ఇప్పటికీ లింకుల్లోనే కనిపిస్తాయి. స్థలం కొనడానికి వెళ్తే మొదట అడిగేది లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ స్థలం ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే పాత దస్తావేజులు. రైలు డ్రైవర్లు తమ డ్యూటీల వరసని లింక్ అంటారు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి లింకులతో వెళ్లే కంప్యూటర్ రాతకి 1965లో టెడ్ నెల్సన్ హైపర్‌టెక్స్ట్ అన్న మాట బయటపెట్టేనాటికే మా ఊరి పొలాల్లో లింకు పాతబడిపోయింది. ఫోన్లో మనం నొక్కేది దాని మునిమనవడు.

చివరిది గ్రామర్ పాఠం. మూడూ ఒకటే అయితే ఆధార్ కనెక్షన్, గ్యాస్ లింకు అని ఎవరూ ఎందుకనరు? కనెక్షన్‌లో కరెంటో గ్యాసో పారాలి. లింకుకి రెండు కొసలు కలిస్తే చాలు. రిలేషన్ అంటే మనకి చుట్టం. ఇంగ్లీషులో ఒకాయనకి కనెక్షన్స్ ఉన్నాయంటే పలుకుబడి, ఫలానావాళ్లతో లింక్స్ ఉన్నాయని పేపర్లో వేస్తే చాలాసార్లు అనుమానం. మన అరుగు మీద "వాళ్లిద్దరికీ లింకుంది" అన్నారంటే కొంపలంటుకుంటాయి. పిల్లలు పరీక్షల్లో రెండు విషయాల మధ్య సంబంధానికి "లింక్ ఆఫ్" అని రాసేవారు, నేను కొట్టేసి "లింక్ బిట్వీన్" అని దిద్దేవాణ్ణి. ఒకదానికి ఇంకొకదానితో అయితే "లింక్ విత్", "లింక్ టు" రెండూ నడుస్తాయి.

వీటన్నిటికంటే పెద్ద తేడా ఒకటుంది. లింకంటే కారణం కాదు. రెండూ కలిసి కనిపిస్తున్నాయని మాత్రమే. సిగరెట్‌కీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ లింకుందని లండన్‌లో డాల్, హిల్ అనే పరిశోధకులు 1950లో రాశారు. సిగరెట్టే కారణమని అమెరికా ప్రభుత్వంలో పెద్ద డాక్టరైన సర్జన్ జనరల్ నివేదిక తేల్చి చెప్పేసరికి 1964 వచ్చింది.

మా చెల్లెల్ని ఉద్దానంలోని కవిటి ఇచ్చాం. అక్కడ ఎంతోమందికి వస్తున్న కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. కానీ దేనితోనో లింకని పేపర్లో పడ్డప్పుడల్లా వాళ్లింట్లో ఏదో ఒకటి మారుతుంది. నీళ్లతో లింకన్నప్పుడు బోరు నీళ్లు మానేసి క్యాన్లు కొన్నారు. నొప్పి మాత్రలతో లింకన్నారు, మోకాళ్లు పట్టేసినా మా చెల్లెలు మాత్ర వేసుకోవడం మానేసింది. పురుగుమందులతో లింకన్న ఏడాది మా బావ పెరట్లో వంగ మొక్కలన్నీ పీకేశాడు. మొన్న ఫోన్ చేసి, "అన్నయ్యా, ఈసారి ఇసుకలో సిలికాతో లింకంట, అదేటి?" అని అడిగింది.