ఆర్డర్ చాటున దూరే ఆఫర్లు

బెంగళూరులో ఏదో యాప్ నోటిఫికేషన్‌కు ఫోన్ మోగితే, దాన్ని మోగించిన మనిషి కూడా చాలాసార్లు బెంగళూరులోనే ఉంటాడు. స్విగ్గీ, ఫ్లిప్‌కార్ట్, మింత్రా, మీషో, ఫోన్‌పే, ర్యాపిడో అన్నీ ఈ ఊరి కంపెనీలే. ఎవరికి ఏ వేళకు ఏ వాక్యం పంపితే నొక్కుతారో లెక్కగట్టడం ఇక్కడ ఒక ఉద్యోగం. మారతహళ్లి పీజీల్లో, బీటీఎం లేఅవుట్ అద్దె ఇళ్లలో ఉండే మన తెలుగు పిల్లల్లోనూ ఆ పని చేసేవాళ్లు ఉన్నారు. అందుకే "ఈ తరానికి నిగ్రహం లేదు, ఎప్పుడు చూసినా ఫోనే" అని ఊళ్లో పెద్దవాళ్లు విసుక్కుంటే నాకు అది సగం నిజంగానే తోస్తుంది. మన చూపు లాగడానికే జీతాలు తీసుకునే బృందాలు అవతల ఉన్నప్పుడు, తప్పంతా ఇవతలి మనిషి మీదే వేయడం సులువైన పని.

మోగితే మోగనీ, చూడకుండా ఉంటే సరిపోతుంది కదా అంటారు. సరిపోదు. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో, ఫోన్‌ను ముట్టుకోకపోయినా నోటిఫికేషన్ వచ్చినట్టు తెలియడంతోనే, ఏకాగ్రత అవసరమైన పనిలో తప్పులు పెరిగాయి. ఎవరు పంపారు, ఏమై ఉంటుంది అన్న ఆలోచన మొదలైతే చాలు, మనసు పనిలోంచి జారిపోతుంది.

మరి అన్నీ ఆపేస్తే? ఈ నగరంలో అది కుదిరే పని కాదు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర డెలివరీ బాయ్ నిలబడి ఉంటాడు, లోపలికి పంపాలా వద్దా అని సెక్యూరిటీ గార్డు యాప్‌లో అడుగుతాడు. మనం నొక్కకపోతే వాళ్లిద్దరూ అక్కడే నిలబడాలి. ఖాతాలోంచి డబ్బు కట్ అయితే వెంటనే తెలియాలి. శుక్రవారం రాత్రి కర్నూలు బస్సు మడివాళలో ఆగుతుందో, ఆనందరావు సర్కిల్‌కే రమ్మంటారో ఆఖరి గంటలో గానీ ఖాయం కాదు. పైగా 2019లో వచ్చిన ఒక ప్రయోగం ఫలితాలు చూడండి. 237 మందిని రెండు వారాలు గమనించారు. నోటిఫికేషన్లు రోజుకు మూడుసార్లు మూకుమ్మడిగా అందినవాళ్లకు ఏకాగ్రత, మనసు కుదురు రెండూ మెరుగుపడ్డాయి. అసలు ఏవీ అందనివాళ్లకు మాత్రం టెన్షన్ పెరిగింది, ఏదో పోగొట్టుకుంటున్నామన్న గాబరా పట్టుకుంది. సంపూర్ణ నిశ్శబ్దాన్ని మందుగా రాసిచ్చేవాళ్లు ఈ రెండో సగాన్ని చెప్పరు.

కాబట్టి ఏవి ఉంచాలి, ఏవి ఆపాలి అన్నదే చూసుకోవాలి. అసలు పేచీ అక్కడే ఉంది. ఆండ్రాయిడ్‌లో 2017 నుంచి, అంటే 8వ వెర్షన్ నుంచి, ఒకే యాప్ పంపే నోటిఫికేషన్లను రకాలుగా విడదీసే ఏర్పాటు ఉంది. ఆర్డర్ సమాచారం మోగుతూ ఉంటుంది, ఆఫర్లను మాత్రం ఆపుకోవచ్చు. కానీ ఏది ఏ రకం కిందికి వస్తుందో నిర్ణయించేది యాప్ తయారుచేసినవాళ్లే. నిజాయితీగా విడదీసినవాళ్లు లేకపోలేదు. రెంటినీ ఒకే రకంలో కలిపేసేవాళ్లూ ఉన్నారు, అప్పుడు బిర్యానీ మీద తగ్గింపు వద్దనుకుంటే బిర్యానీ ఎక్కడిదాకా వచ్చిందో కూడా తెలియదు. బియ్యంలో రాళ్లు కలిపి అమ్మి, ఏరుకోవడం మీ పని అన్నట్టుంటుంది వ్యవహారం. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి యాప్‌లు ముందుగా అనుమతి అడగాల్సిందే. అడుగుతాయి, మనమూ ఇస్తాం. ఆర్డర్ జాడ తెలియాలంటే ఇవ్వక తప్పదు మరి. వినియోగదారుడు స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప ప్రచార నోటిఫికేషన్లు పంపకూడదని ఆపిల్ యాప్ స్టోర్ నియమాల్లోనూ రాసి ఉంది. అది ఎంత బాగా అమలవుతోందో ఐఫోన్ ఉన్న ఏ స్నేహితుణ్ణి అడిగినా చెబుతాడు.

ఎస్సెమ్మెస్ విషయంలో ఈ దశ మనం ఎప్పుడో దాటాం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనలు వాణిజ్య సందేశాలను రకాలుగా విడదీశాయి. ప్రచారం వద్దనుకుంటే 1909కి చెప్పి ఆపించుకోవచ్చు. ఇప్పుడు పంపినవారి పేరు చివర ఉండే అక్షరాన్ని బట్టే అది ప్రకటనో, బ్యాంకు సమాచారమో తెలిసిపోతుంది. అదే ప్రకటన యాప్ ద్వారా వస్తే ఆ నిబంధనలు వర్తించవు, ఎందుకంటే అది టెలికాం సందేశం కాదు, ఇంటర్నెట్ మీద వచ్చేది. ఒకే కంపెనీ, ఒకే ఆఫర్, ఒకే ఫోన్. దారి మారింది కాబట్టి చట్టం చేతులెత్తేసింది. 2023 నవంబర్‌లో కేంద్రం నోటిఫై చేసిన డార్క్ ప్యాటర్న్స్ (వినియోగదారుణ్ణి మభ్యపెట్టే డిజైన్ ఎత్తుగడలు) మార్గదర్శకాల్లోని 13 రకాల్లో పదేపదే విసిగించడం కూడా ఒకటి. అంటే యాప్ ఆఫర్లనూ పట్టుకోవడానికి కొక్కెం ఉంది, ప్రభుత్వం దాన్ని వాడాలంతే.

ఆ కొక్కెం వాడేలోపు మన చేతిలో ఉన్నది కొంత ఉంది. విసిగించే నోటిఫికేషన్ రాగానే దాన్ని తుడిచేయకుండా, వేలితో కాసేపు నొక్కి పట్టుకుంటే ఆ రకాన్ని సైలెంట్ చేసే వీలు కనిపిస్తుంది. సెట్టింగ్స్ అంతా వెతకడం కన్నా ఇదే తేలిక. శుభోదయం బొమ్మలతో నిండే బంధువుల వాట్సాప్ గ్రూపును శాశ్వతంగా మ్యూట్ చేయండి, గ్రూపులోంచి వెళ్లిపోతే వచ్చే పెద్దనాన్న అలక ఉండదు. ఆఫీసు చాట్ సంగతి మేనేజర్‌తో తేల్చుకోవాల్సిందే, దానికి ఫోన్‌లో మందు లేదు.

చాలామందిని డీఎన్‌డీ (ఫోన్ మోగకుండా ఆపే 'డు నాట్ డిస్టర్బ్') పెట్టనివ్వనిది ఇంటి నుంచి వచ్చే ఫోన్ ఎక్కడ తప్పిపోతుందోనన్న భయం. ఆండ్రాయిడ్ డీఎన్‌డీలో, అదే నంబర్ నుంచి 15 నిమిషాల్లోపు రెండోసారి కాల్ వస్తే మోగనిచ్చే ఏర్పాటు ఉంది. ఐఫోన్‌లో అది మూడు నిమిషాలు. అది ఆన్‌లో ఉందో లేదో చూసుకుని, అనంతపురంలో ఉన్న అమ్మానాన్నలకు చెప్పి ఉంచండి: అర్జెంట్ అయితే వాట్సాప్‌లో కాదు, మామూలు కాల్ చేసి, ఎత్తకపోతే వెంటనే మళ్లీ చేయమని.

కంపెనీల నుంచి, ప్రభుత్వం నుంచి కోరాల్సింది మాత్రం ఇంతకంటే పెద్దది. ఆర్డర్ సమాచారానికి ఒక అనుమతి, ఆఫర్లకు వేరే అనుమతి ఉండాలి. రెండోది మనం తెరిచేదాకా మూసే ఉండాలి. అమ్మకాలు పడిపోతాయని కంపెనీలు వాదిస్తాయి, కొంత పడిపోవచ్చు కూడా. అలా పడిపోయేవి, ఎవరూ గుర్తు చేయకపోతే మనం కొని ఉండని సరుకుల అమ్మకాలే.