నియామక పత్రం గారికి ఒక బహిరంగ లేఖ

మాననీయ నియామక పత్రం గారికి నమస్కారాలు.

హైదరాబాదులో ఇరవై అయిదు మంది పనిచేసే ఒక ప్రైవేటు సంస్థలో మూడేళ్ళుగా నేను పద్దులు రాస్తున్నాను. ఈ సంగతి మా ఇంట్లో వారికి తెలుసు, ఒకటో తారీఖు కోసం నాకన్నా ఎక్కువగా ఎదురుచూసే కిరాణా కొట్టు యజమానికీ తెలుసు. కాగితాలకు మాత్రం తెలియదు, తమరు ఇంకా విచ్చేయలేదు కనుక.

తమ సోదరులు ఆఫర్ లెటర్ గారు ఇంటర్వ్యూ జరిగిన సాయంత్రమే ఈమెయిల్లో ఊడిపడి, మూడు రోజుల్లో సంతకం పెట్టకపోతే తాము చెల్లబోమని హెచ్చరించి, మిగతా వివరాలన్నీ తమరు చెబుతారని మాటిచ్చి వెళ్ళిపోయారు. ఆ మాట నమ్మి నేను ఆధార్, పాన్ నకళ్ళు, పదో తరగతి నుంచి డిగ్రీ దాకా మార్కుల జాబితాలు, ఆరు ఫొటోలు, రద్దు చేసిన చెక్కు, భవిష్యనిధి (పీఎఫ్) కోసం ఫారం 11 సమర్పించుకున్నాను. ఏడాది నిండగానే గ్రాట్యుటీ నామినేషనంటూ ఫారం ఎఫ్ కూడా నింపించారు. నేను పోతే డబ్బు ఎవరికివ్వాలో అంత శ్రద్ధగా రాయించుకున్నవారికి, నేను ఉన్నానని ఒక్క ముక్క రాసివ్వడానికి మాత్రం తీరిక దొరకలేదు.

అడగలేదని అనుకోకండి. మొదట ప్రొబేషన్ అయ్యాక అన్నారు, తరువాత ఆడిట్ అయ్యాక అన్నారు, ఆపైన సంతకం పెట్టే సారు ఊళ్ళో లేరన్నారు. చివరకు హెచ్ఆర్ మేడమ్ గారు నొచ్చుకుని, "మీకు మా మీద నమ్మకం లేదా?" అని అడిగారు. నా డిగ్రీ అసలు సర్టిఫికెట్ ఆవిడ బీరువాలోనే ఉంది కనుక నమ్మకం ఎవరికి లేదో నేను చర్చించలేదు.

తమరంటే వారికి అంత జంకు ఎందుకో ఈమధ్యే అర్థమైంది. భవిష్యనిధి ఖాతా తెరిచి చూస్తే నేను చేరిన తేదీ అసలు తేదీకన్నా సరిగ్గా ఏడాది ఆలస్యంగా పడింది. ఆ ఏడాది నేను ఎక్కడ ఉన్నానో, నా తరఫున యజమాని కట్టవలసిన 12 శాతం ఎక్కడ ఉందో తమరు వస్తే బయటపడుతుంది. గ్రాట్యుటీ చేతికి రావడానికి నిండవలసిన అయిదేళ్ళ లెక్క ఏ రోజు మొదలైందో కూడా తమరే తేలుస్తారు. బ్యాంకువారు తమరిని చూపించమంటే నా ఐడీ కార్డు చూపించాను. వారు దాన్ని అటూ ఇటూ తిప్పి, మెడలో వేసుకోవడానికి బాగుందని తిరిగిచ్చారు.

2020లో పార్లమెంటు ఆమోదించిన పని భద్రత, ఆరోగ్య కోడ్ అనే కార్మిక చట్టం ప్రతి ఉద్యోగికీ తమరిని ఇచ్చి తీరాలన్నది. ఆ కోడ్ అమలులోకి రావడానికి 2025 నవంబరు 21 దాకా పట్టింది. అంటే తమ ప్రొబేషనే అయిదేళ్ళు దాటింది, నా మూడేళ్ళకు నేను గింజుకోవడం అమర్యాదే. పాతవారికి మూడు నెలల్లోగా ఇవ్వాలని కూడా అందులో ఉందని మేడమ్ గారికి విన్నవించాను. "రూల్స్ రానివ్వండి" అన్నారు. ఆలస్యంగా వస్తే జీతం కోసే రూలు మాత్రం మా ఆఫీసులో ఏ పార్లమెంటు కోసమూ ఆగలేదు.

తమరు దయచేసి విచ్చేయండి. వచ్చేటప్పుడు అసలు తేదీతోనే రండి.

ఇట్లు,
తమ విధేయుడు
హోదా: తమరు వచ్చాక తెలుస్తుంది
చేరిన తేదీ: వివాదంలో ఉంది