పాలడిన్ బబుల్ మీద ఇంత గోల ఎందుకు?

ఆటగాళ్లు ఒకరితో ఒకరు తలపడే పీవీపీలో పాలడిన్ అనే పవిత్ర యోధుడి పాత్రని తిట్టుకోనివాళ్లు తక్కువ. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆట ఆడేవాళ్లకైతే మరీను. ఇంకొక్క దెబ్బకి పడిపోతాడనుకున్నవాడు ఉన్నట్టుండి బంగారు రంగు వెలుగు గోళంలోకి దూరిపోతాడు. ఇక ఏ కత్తీ దిగదు, ఏ మంత్రమూ పారదు. లోపల తీరిగ్గా హీల్ చేసుకుని, ఏమీ జరగనట్టు మళ్లీ మీదికొస్తాడు. ఆట పుస్తకంలో దీని పేరు డివైన్ షీల్డ్. ఆడేవాళ్లందరికీ మాత్రం బబుల్. ఇది అన్యాయం, తీసేయాలి అన్న గోల ఆట మొదలైన 2004 నుంచీ ఉంది. నాకు మాత్రం ఈ కోపం గురి తప్పిందనిపిస్తుంది. ఆ బబుల్ కోసం పాలడిన్ ఎన్ని వదులుకోవాల్సి వచ్చిందో చూస్తే లెక్క వేరేలా తేలుతుంది.

తొలినాళ్ల పాలడిన్ చేతిలో ఏముందో చూడండి. ఎదుటివాడు మంత్రం చదువుతుంటే మధ్యలో ఆపే ఇంటరప్ట్ లేదు. అది రెబ్యూక్ పేరుతో వచ్చేసరికి 2010 అయింది. దూరంగా ఉన్నవాడి మీదికి ఒక్క ఉదుటున దూకే చార్జ్ లేదు. గుర్రమెక్కి దూసుకెళ్లే డివైన్ స్టీడ్ 2016లో గానీ రాలేదు. ఉన్నదల్లా ఎదుటివాణ్ణి కదలనివ్వని ఆరు సెకన్ల స్టన్, అదీ నిమిషానికొకసారి. కాళ్లకి మంచు తగిలించి దూరం నుంచే కొడుతూ పోయే మేజ్ అనే మంత్రగాడి ముందు ఈ ఇనుప కవచం వీరుడు దిక్కు తోచక తిరిగేవాడు. మంచు నుంచి విడిపించే బ్లెస్సింగ్ ఆఫ్ ఫ్రీడమ్ ఉంది గానీ, దాన్ని డిస్పెల్ చేసి, అంటే ఎదురు మంత్రంతో తుడిచేసి పారేయడం ప్రత్యర్థికి పెద్ద పనేమీ కాదు.

అయినా చెడ్డపేరు రావడానికి బబుల్ ఒక్కటే చాలింది. అప్పట్లో అది 12 సెకన్లు ఉండేది. సొంత సత్రానికి తిరిగి చేర్చే హార్త్‌స్టోన్ పనిచేయడానికి 10 సెకన్లు పడుతుంది. ఇంకేం, ఓడిపోతున్నాననుకున్న పాలడిన్ గోళంలో నిలబడి దర్జాగా ఇంటికెళ్లిపోయేవాడు. దేవుడి పేరు చెప్పి యుద్ధానికొచ్చినవాడు ఇలా జారుకోవడం చూసి నవ్వని సర్వర్ లేదు. పైగా 2007 జనవరిలో బర్నింగ్ క్రూసేడ్ అనే విస్తరణ వచ్చేదాకా, ఆటలోని రెండు పక్షాల్లో పాలడిన్ ఒక్క అలయన్స్‌కే సొంతం. రెండో పక్షమైన హోర్డ్ వాళ్లకి దాన్ని ఆడి చూసే వీలే లేదు, ఎదురుపడి చచ్చే అనుభవం మాత్రం బోలెడు. ఇప్పటికీ వినిపించే ఆ ద్వేషంలో సగం అప్పటి బాకీయేనని నా అనుమానం.

అసలు ఈ పవిత్ర యోధుడి పాత్ర 1975లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే బల్ల ఆట గ్రేహాక్ అనుబంధంలో వచ్చినప్పుడు దానికో గట్టి షరతు ఉండేది. ధర్మం తప్పితే శక్తులు పోతాయి. బల్ల చుట్టూ కూర్చుని ఆడేటప్పుడు తప్పిందో లేదో తేల్చడానికి ఆట నడిపించే మనిషి ఎదురుగా ఉంటాడు. సర్వర్‌కి ఆ విచక్షణ ఎక్కడిది? చేతికి దొరికినవాడిని నిద్రలో పొడిచినా, నలుగురు కలిసి ఒకడి మీద పడినా పాలడిన్ వెలుగు తగ్గదు. అందుకే ఆన్‌లైన్‌లో ధర్మం బదులు గడియారం వచ్చి కూర్చుంది. బబుల్ ఒకసారి వాడితే మళ్లీ వాడటానికి ఐదు నిమిషాల కూల్‌డౌన్. దానికి తోడు ఫర్బేరెన్స్ అనే ముద్ర.

పాలడిన్‌ని నిజంగా కట్టేసేది ఈ ముద్రే. ఇప్పటి ఆటలో బబుల్, ప్రాణం మొత్తం ఒక్కసారిగా నింపే లే ఆన్ హ్యాండ్స్, ఆయుధాల దెబ్బలు తగలకుండా చేసే బ్లెస్సింగ్ ఆఫ్ ప్రొటెక్షన్, మూడూ దీని కిందికే వస్తాయి. వాటిలో ఏ ఒక్కటి పడినా ఆ మనిషి మీద మిగతా రెండూ 30 సెకన్ల పాటు పడవు. పీవీపీలో 30 సెకన్లంటే చిన్న విషయం కాదు. కొత్తవాళ్లు మూడు ప్రాణాలున్నాయనుకుని దిగుతారు, మొదటిది నొక్కాక ఒంటరైపోతారు. బబుల్ కూడా అనుకున్నంత గట్టిదేం కాదు. వేరే పాత్రల్లో ప్రీస్ట్ మాస్ డిస్పెల్ వేస్తే పోతుంది, వారియర్ షాటరింగ్ త్రో విసిరితే పగులుతుంది. మొదట్లో లోపలి నుంచి కొడితే దెబ్బల వేగం సగమయ్యేది, తర్వాత కొంతకాలం దెబ్బ బలమే సగమైంది. గోళం ఆయుష్షు 12 నుంచి 8 సెకన్లకి దిగింది. ఆ హార్త్‌స్టోన్ వేషాలు దాంతోనే ఆగిపోయాయి.

పాలడిన్ నిజంగా హద్దు మీరిన కాలం ఒకటుంది, ఒప్పుకోవాలి. 2008 అక్టోబర్‌లో 3.0.2 ప్యాచ్ వచ్చినప్పుడు దాడికి దిగే రెట్రిబ్యూషన్ పాలడిన్లు స్టన్ వేసి, అది విడిచేలోపే మనిషిని ముగించేసేవారు. కొద్ది వారాల్లోనే నెర్ఫ్ చేశారు, అంటే బలం తగ్గించారు. అయితే అప్పటి తప్పు బబుల్‌ది కాదు. ఎదుటివాడు వేలు కదపలేని కొన్ని సెకన్లలో అంత నష్టం చేయగలగడమే తప్పు. కోసింది కూడా ఆ నష్టాన్నే. కానీ జనానికి గుర్తున్నది బంగారు గోళం. అది కంటికి కనబడుతుంది మరి, నష్టం లెక్కలు కనబడవు.

మంచి పాలడిన్‌ని ఎక్కడ పట్టుకోవాలంటే, చిన్న జట్లు తలపడే అరీనాలో, పక్కవాడికి ఎంత ప్రాణం మిగిలిందో చూపే గీత దగ్గర. బ్లెస్సింగ్ ఆఫ్ శాక్రిఫైస్ సంగతే తీసుకోండి. జతగాడికి తగిలే దెబ్బల్లో కొంత తన మీదికి మళ్లించుకునే ఆశీస్సు ఇది. పైకి త్యాగంలా కనిపిస్తుంది, వాడకంలో మహా గడుసుది. మనిషిని గొర్రెగా మార్చి, దెబ్బ తగిలితే విడిపోయే పాలీమార్ఫ్ లాంటివి తన మీద పడబోతున్నాయని పసిగట్టిన పాలడిన్, ముందే దీన్ని జతగాడి మీద వేసి పెడతాడు. అటు వాడికి దెబ్బ పడుతుంది, ఇటు వీడు మేల్కొంటాడు. ఈ పాత్రలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. బబుల్ నొక్కడానికి భయం చాలు, దీనికి మాత్రం ఎదుటివాడి రాబోయే ఎత్తు తెలిసుండాలి.

బబుల్ తీసేయమనేవాళ్లు తర్వాతి మాట కూడా చెప్పాలి. దాన్ని తీస్తే ఆ లోటు పూడ్చడానికి పరుగో, ఇంకో ఇంటరప్టో, మరింత దెబ్బో ఇవ్వక తప్పదు. అప్పుడు మిగిలేది కాస్త మెరిసే వారియర్, అంతే. దానికన్నా ఇప్పుడున్న బబుల్‌తో పోరాడటమే సులువు. గోళం కనబడగానే చాలామంది దాని చుట్టూ తిరుగుతూ ఉత్త గాలిని కొడుతుంటారు. ఆ 8 సెకన్లు పాలడిన్‌ని వదిలేసి అతని జతగాడి మీద పడండి, లేదా స్తంభం చాటుకి తప్పుకోండి. గోళం విడిచాక ఫర్బేరెన్స్ ఇంకా 20 సెకన్ల పైనే మిగిలి ఉంటుంది. మీ స్టన్లు, పెద్ద దెబ్బలు దాచుకోవాల్సింది ఆ సందు కోసం.