బావ కాళ్ల కొలత

బెంగళూరు మారతహళ్ళిలో ఉండే మా బావకి సైకిల్ పిచ్చి పట్టిందంటే వింతేమీ లేదు. సిగ్నల్ దగ్గర కారులో ఇరుక్కున్నవాడు, పక్కనుంచి సైకిల్‌వాడు ఈలవేసుకుంటూ పోతుంటే ఎన్నాళ్ళని ఓర్చుకుంటాడు? వింతల్లా ఆయన ఫ్రేముని చేత్తో కట్టించుకుంటాననడమే. బావవి పొడుగు కాళ్ళు, పొట్టి నడుము. షాపులో మీడియం ఎక్కితే మోకాళ్ళు ముడుచుకుంటాయి, లార్జ్ ఎక్కితే చేతులు అందవు.

ఆ ఊళ్ళోనే పీణ్యలో ఒకాయన కడతాడని తెలిసింది. క్రోమోలీ ఉక్కు గొట్టాలు కొలతకి కోసి, ఇత్తడి కరిగించి అతుకుతాడు. గొట్టం మందం చివర్లలో 0.8 మిల్లీమీటర్లు, మధ్యలో 0.5. ధర విని మా అత్త, అంటే బావ వాళ్ళమ్మ, "చక్రాలు కూడా రావా? ఒట్టి బొమికలకే ఇంతా?" అంది. న్యాయమైన ప్రశ్నే. అక్క మొగుడు కాబట్టి నేను పైకి అనలేదు.

ఇక కొలతలు. చెప్పుల్లేకుండా గోడకి వీపు ఆనించి నిలబడి, గట్టి అట్ట పుస్తకాన్ని కాళ్ళ మధ్య ఇరికించి ఎముక తగిలేదాకా పైకి నొక్కాలి. పుస్తకం పై అంచు దగ్గర గోడ మీద గీత గీయాలి. ఆ ఎత్తుని 0.883తో గుణిస్తే, పెడళ్ళు తిరిగే ఇరుసు నుంచి సీటు ఎంత పైన ఉండాలో తేలుతుంది.

బావ ఇంజనీరింగు నాటి థర్మోడైనమిక్స్ పుస్తకం తీశాడో లేదో, అత్త పూజగదిలోంచి పరుగున వచ్చింది. "ఒరేయ్! కాలు తగిలితేనే కళ్ళకద్దుకుంటామే, ఆ చదువుల తల్లిని ఎక్కడ పెడుతున్నావురా!" థర్మోలో కొడుక్కి సప్లీ ఎందుకొచ్చిందో ఆవిడకి ఆ క్షణంలోనే అర్థమైపోయింది.

కొలతే కదా అని బావ వీధి చివర టైలరు దగ్గరికి పోయాడు. టైలరు మర్యాదస్తుడు, ఎముక దాకా పోడు. ఆ మర్యాద ఖరీదు 5 సెంటీమీటర్లు.

ఫ్రేము వచ్చింది. నెమలికంఠం రంగు, ఆకురాయితో నున్నగా రాసిన అతుకులు, పై గొట్టం మీద బావ పేరు. తొక్కితే మోకాళ్ళు పొట్టని పలకరిస్తున్నాయి. సీటు పైకి లాగితే హ్యాండిల్ పాతాళంలో ఉండిపోయింది, ఆఫీసు దాకా సాష్టాంగం చేస్తూ పోవాలి. విప్పి మళ్ళీ అతకొచ్చు గానీ, అంత పల్చటి గొట్టాన్ని మళ్ళీ మళ్ళీ కాల్చడం తనకిష్టం లేదన్నాడు కట్టినాయన. టైలరు మాత్రం చాలా బాధపడ్డాడు. "లోపల రెండంగుళాలు మడిచి వదలమని చెప్పాల్సింది సార్, విప్పుకునేవాళ్ళం."

అక్కకి మాత్రం అతికినట్టు సరిపోయింది. పెళ్ళిలో మొగుడి పేరు చెప్పమంటే సిగ్గుతో తల దించుకున్న మనిషి, ఇప్పుడు రోజూ ఆ పేరు మీదుగా కాలు వేసి దర్జాగా ఎక్కుతోంది.

రెండో ఫ్రేముకి కట్టే ఆయనే రసమట్టం పట్టుకుని ఇంటికొచ్చాడు. పుస్తకం కన్నా ఇదే నయమట, వంకరగా పెడితే బుడగ చెప్పేస్తుంది. అత్త మళ్ళీ అడ్డం పడింది. "ఆయుధపూజ నాడు బొట్టు పెట్టి మొక్కేది కదా నాయనా, అక్కడ పెడితే నీకు పని పుడుతుందా?" ఆయన గతుక్కుమని దాన్ని సంచిలో పెట్టేసుకున్నాడు.

బావ విసుగెత్తి, గట్టి అట్టవేసిన తన ఆఫీసు అప్రైజల్ ఫైలు తెచ్చి చూపించాడు. అత్త కళ్ళజోడు సర్దుకుని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివింది.

"ఇందులో సరస్వతీ లేదు, లక్ష్మీ లేదు. పెట్టుకో నాయనా."