హెరాక్లిటస్ నదికి నంబరు వేసిందెవరు?

‘ఒకే నదిలో రెండుసార్లు దిగలేం’ అన్నది ప్రాచీన గ్రీకు తత్వవేత్త హెరాక్లిటస్ మాటేనా? దీనికి ఆధారాలు మూడు చోట్ల దొరుకుతాయి, మూడూ మూడు రకాలు. ‘అవే నదుల్లో దిగేవారి మీదుగా వేర్వేరు నీళ్లు పారుతాయి’ అన్నది ఒకటి. ‘దిగుతాం, దిగం’ అన్నది రెండోది. మనకు అలవాటైన మూడోది హెరాక్లిటస్ సొంత వాక్యంగా కాదు, ఆయన అభిప్రాయంగా శతాబ్దాల తర్వాతి గ్రీకు రచయిత ప్లూటార్క్ చెప్పినది. పండితులు వీటిని వరుసగా బీ 12, బీ 49ఏ, బీ 91 అంటారు. జర్మన్ పండితుడు హెర్మన్ డీల్స్ 1903లో బెర్లిన్‌లో అచ్చు వేసిన, సోక్రటీస్‌కు ముందటి తత్వవేత్తల శకలాల సంకలనంతో మొదలైన లెక్క ఇది. ఆ రోజుల గ్రీకు తత్వం గురించి మాట్లాడేవారు ఇప్పటికీ ఆ నంబర్లే వాడుతున్నారు. వాటితో చిక్కు కూడా అక్కడే ఉంది.

డీల్స్ 1848లో వీస్‌బాడెన్ పక్కనున్న బీబ్రిచ్‌లో పుట్టాడు. బాన్‌లో ఊజెనర్ అనే పండితుడి దగ్గర చదివి, కొన్నేళ్లు హాంబుర్గ్ వంటి చోట్ల బడిపంతులుగా పనిచేసి, 1882లో బెర్లిన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. 1922లో పోయాడు. (డిగ్రీ కెమిస్ట్రీలో డీల్స్-ఆల్డర్ చర్య చదివినవారికి ఈ పేరు తెలిసే ఉంటుంది. ఆ ఓటో డీల్స్ ఈయన కొడుకే, 1950లో నోబెల్ అందుకున్నాడు.)

ఆ తొలి గ్రీకు తత్వవేత్తల్లో థేలీస్ నుంచి డెమోక్రిటస్ దాకా ఒక్కరి పుస్తకమూ పూర్తిగా మిగల్లేదు. మన దగ్గర కొన్ని కావ్యాలు పోయి, వాటి పద్యాలు పెదపాటి జగ్గన ‘ప్రబంధ రత్నాకరం’ వంటి సంకలనాల్లో మాత్రమే మిగిలినట్టు, అక్కడా పరుల పుస్తకాల్లోనే ముక్కలు దొరుకుతాయి. ముక్కలు ఏరడానికి ముందు ఎవరు ఎవరిని చూసి రాశారో తేల్చాలి. డీల్స్ అసలు గొప్పతనం 1879 నాటి ఈ పనిలో కనిపిస్తుంది. ప్లూటార్క్ పేరుతో చలామణీ అయిన అభిప్రాయాల సంగ్రహాన్నీ, అయిదో శతాబ్దపు స్టోబేయస్ సంకలనాన్నీ రెండు నిలువు వరుసల్లో పక్కపక్కన అచ్చు వేశాడు. వాక్యాలు చాలాచోట్ల కలుస్తాయి. కానీ ఇందులో ఉన్నవి కొన్ని అందులో లేవు, అందులో ఉన్నవి కొన్ని ఇందులో లేవు. కాబట్టి ఒకరు మరొకరిని చూసి రాయలేదు, ఇద్దరి వెనకా ఇప్పుడు దొరకని మరో పుస్తకం ఉంది. థియోడోరెట్ అనే బిషప్ చెప్పిన పేరును బట్టి దాని కర్త ఏటియస్ అని డీల్స్ తేల్చాడు. అంటే ఒక అభిప్రాయం ముగ్గురు చెప్పినట్టు కనిపించినా సాక్షి ఒక్కడే కావచ్చు.

ఏటియస్ నుంచి వెనక్కి, అరిస్టాటిల్ శిష్యుడు థియోఫ్రాస్టస్ దాకా ఆయన గీసిన గీత మాత్రం అంత గట్టిది కాదు. మాన్స్‌ఫెల్డ్, రూనియా అనే పండితులు 1997 నుంచి వరుస సంపుటాల్లో ఏటియస్‌ను నిలబెడుతూనే, ఆ పై దారి అంత తిన్నగా లేదని చూపించారు.

1903 సంకలనంలో అమరిక ఇదీ: జీవితం, సిద్ధాంతాల గురించి ఇతరులు చెప్పింది ఏ, సొంత మాటలు బీ, అనుకరణలు సీ. హెరాక్లిటస్ పుస్తకం ఏ క్రమంలో సాగిందో తెలియదు గనుక, తానే ఒక క్రమం కల్పించకుండా, మొదటి రెండు శకలాల తర్వాత మిగతావాటిని ఉటంకించిన రచయితల పేర్ల అక్షరక్రమంలో పెట్టాడు. ఇంత నిజాయితీగల నిర్ణయం సంపాదకుల్లో అరుదు. పద్యంలో రాసిన మరో తత్వవేత్త పార్మెనిడిస్ విషయంలో ఆయనకు మరో బలం ఉంది. పుస్తకం దొరకడం అరుదైందని చెప్పి ఆరో శతాబ్దంలో అరిస్టాటిల్ వ్యాఖ్యాత సింప్లీషియస్ ఒకేచోట 52 పాదాలు ఎత్తి రాశాడు. ఆ సింప్లీషియస్ వ్యాఖ్యానాన్ని పరిష్కరించింది డీల్సే. పద్యారంభంలోని ద్వారం ఎలా తెరుచుకుంటుందో అర్థం కావాలని, 1897 నాటి పార్మెనిడిస్ ముద్రణకు గ్రీకు తలుపులు, తాళాల మీద ఏకంగా అనుబంధమే చేర్చాడు.

తప్పు జరిగేది బీ దగ్గర. పాత గ్రీకు రాతప్రతుల్లో కొటేషన్ గుర్తులు లేవు. ఉటంకింపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందన్నది సంపాదకుడి తీర్పు. నంబరు పడ్డాక ఆ తీర్పు తీర్పులా కనిపించదు, ముక్క చుట్టూ ఉన్న వాదన తెగిపోతుంది. బీ 91 ఇందుకు మంచి ఉదాహరణ: అందులో ప్లూటార్క్ మాట ఎంత, హెరాక్లిటస్ మాట ఎంత అన్నది ఇంకా తెగలేదు.

ఇంకో ఉచ్చు కూడా ఉంది. 1934లో మొదలైన అయిదో ముద్రణలో కొత్త సంపాదకుడు వాల్థర్ క్రాంజ్ అధ్యాయాల వరుస మార్చాడు (బీకి ముందు వచ్చే అంకె అధ్యాయానిది). హెరాక్లిటస్ 12 నుంచి 22కు, పార్మెనిడిస్ 18 నుంచి 28కి జరిగారు. ఇప్పుడు 12 అనాక్సిమాండర్‌ది. అందువల్ల 1934కు ముందు పుస్తకంలో ‘12 బీ 1’ కనిపిస్తే అది హెరాక్లిటస్ తొలి శకలం. కొత్త సంఖ్య అనుకుంటే మనిషే మారిపోతాడు.

మరో తత్వవేత్త, కవి ఎంపెడోక్లిస్ దగ్గర దెబ్బ నేరుగా తగిలింది. ఆయన శకలాలను డీల్స్ రెండు కావ్యాలుగా విడదీశాడు: ప్రకృతి గురించినవి ఒకవైపు, పాప పరిహారం గురించినవి ఇంకోవైపు. మాంసం తిన్నందుకు వగచే బీ 139 రెండో దానిలో పడింది. 1999లో ప్రచురితమైన స్ట్రాస్‌బూర్గ్ పపైరస్ ముక్కల్లో, ప్రకృతి కావ్యంలోని బీ 17కు కొనసాగింపూ, ఈ బీ 139 పాదాలూ ఒకే రాతప్రతిలో బయటపడ్డాయి.